మా అన్న స్టీరింగ్ కొనాలా, వద్దా?

మా అన్న నరేందర్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, కోపమన్నది అసలే లేదు. ఉన్నదల్లా ఒక్క రోగం. ఏదైనా కొనాలంటే ఊరందరినీ అడుగుతాడు. అడిగి, విని, "అవ్, గది గూడ కరెక్టే" అని తలూపి ఇంటికొస్తాడు. మర్నాడు ఇంకొకరిని అడగడానికి బయల్దేరుతాడు. కొనడం మాత్రం జరగదు.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. నా దగ్గర ఏ లెక్కకైనా ఒక జవాబుంటుంది. దాని కింద రెండు గీతలు గీస్తే పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని పట్టుకుని ఇలాంటి మనిషికి చెల్లెలుగా పుట్టించిన దేవుడికి ఎంత వెటకారమో చూడండి.

ఒక ఏడు హోళీ పండక్కి కూలర్ కొనాలనుకున్నాడు. గడ్డి మెత్తల కూలర్ మంచిదా, అట్ట మెత్తలదా? బోధన్ బజార్లో ఏ దుకాణాన్నీ వదల్లేదు. చుట్టాల పెళ్లికని ముప్కాల్ పోతే, పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు చెవి దగ్గర వంగి అడిగాడు. పాపం ఆ పిల్లవాడు జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని, "గడ్డిదే తీస్కో అన్నా, సల్లగుంటది" అన్నాడు. "అవ్, గది గూడ కరెక్టే," అన్నాడు మా అన్న. ఆయన మనసు కుదిరేసరికి వానలు పడ్డాయి, దుకాణంవాళ్లు కూలర్లు లోపల పెట్టుకున్నారు. మరుసటి ఏడు మళ్లీ మొదట్నుంచి అడగడం మొదలుపెట్టాడు. నిరుడు చెప్పినవాళ్లు మనసు మార్చుకుని ఉంటారేమోనని.

పెళ్లి కూడా ఇంతే. జక్రాన్‌పల్లి వెళ్లి అంకిత వదినను చూసొచ్చాం. పిల్ల నచ్చిందా అంటే నచ్చిందన్నాడు. ఖాయం చేద్దామా అంటే "జర అడగాలె" అన్నాడు. ఎవరినని మేం అడగలేదు, భయమేసి. అలా చాలా రోజులు గడిచాక ఆమే ఫోన్ చేసింది.

"చేసుకుంటరా, చేసుకోరా? ఏదో ఒకటి చెప్పుండ్రి."

"నేను గూడ గదే ఆలోచిస్తున్న," అన్నాడు అన్న. "మీరేమంటరు? నన్ను చేసుకుంటే మంచిగుంటదా?"

అటువైపు నుంచి పగలబడి నవ్వు వినిపించింది. "చేసుకోండ్రి," అంది వదిన. మా అన్న జీవితంలో ఒక్క మాటతో తేలిన వ్యవహారం అదొక్కటే.

అలాంటి మనిషికి రెండేళ్ల కిందట స్టీరింగ్ సందేహం వచ్చింది.

అన్నకు బోధన్ బస్టాండ్ దగ్గర ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం ఉంది. దుకాణం మూశాక ఆయనకున్న ఏకైక సరదా కంప్యూటర్లో కార్ల రేసు. ముందుగదిలో ఒక ఇనుప చట్రం, దాని మీద పాత కారు సీటు, ఎదురుగా పెద్ద తెర, చేతికి అచ్చం కారుకు ఉన్నట్టే ఒక స్టీరింగ్, కాళ్ల కింద బ్రేకూ ఎక్సిలేటరూ. ఆ స్టీరింగ్ వెనక ఒక నల్లటి డబ్బా ఉంటుంది. వీల్‌బేస్ అంటారు. అందులోని మోటారును స్టీరింగ్‌కు నేరుగా బిగిస్తారు. తెర మీద కారు గుంతలో పడితే ఇక్కడ చేతులు అదురుతాయి. మలుపులో జారితే స్టీరింగ్ ఎదురు తిరిగి గుంజుతుంది. అన్న దగ్గరున్నది చిన్న మోటారుది. అది కూడా ఆయన కొన్నది కాదు. పెళ్లిరోజుకు వదిన తెచ్చి చేతిలో పెట్టింది, ఎవరినీ అడిగే సందివ్వకుండా. ఇప్పుడు దానికి రెట్టింపు బలమున్నది కొనాలా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా? ఇదీ సందేహం.

ముందు పిండిగిర్ని ఎర్రన్న దగ్గరికి పోయాడు. మోటార్ల సంగతి గిర్ని నడిపేవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుందని ఆయన వాదన.

"దీనికి బెల్టు ఉండది ఎర్రన్నా. మోటరే సీదా స్టీరింగ్‌ను తిప్పుతది."

"బెల్టు లేదా?" ఎర్రన్న చేతిలో జల్లెడ పక్కన పెట్టాడు. "బెల్టు లేనిదాన్ని నమ్మకు నరేందరూ. బెల్టు తెగుతదనే నాకు దినాం జర పురుసతు. అది తెగినప్పుడే నేను చాయ్ తాగుత. బెల్టే లేకుంటే మనిషి చాయ్ ఎప్పుడు తాగాలె?"

"అవ్, గది గూడ కరెక్టే," అన్నాడు అన్న.

తర్వాత జగన్మోహనరావు గారిని అడిగాడు. వాళ్ల తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఆయన బ్యాటరీ నీళ్ల కోసం దుకాణానికి వచ్చి, ఈ ప్రశ్నకు చిక్కాడు.

"ఏమయ్యా నరేందరూ, స్టీరింగు బిగుతుగా ఉండాలని ఎదురు డబ్బులిచ్చి కొనుక్కుంటావా? మా ట్రాక్టరు స్టీరింగు బిగుసుకుపోయిందని నేను పొద్దుటినుంచీ మెకానిక్కు చుట్టూ తిరిగి చస్తున్నాను. నా ట్రాక్టరు నువ్వు పట్టుకుపో, నీ డబ్బా నాకిచ్చెయ్యి. ఇద్దరం సుఖపడతాం."

అది కూడా కరెక్టే అయింది. మరోసారి నిజామాబాద్ బస్సులో కండక్టర్‌ను అడిగాడు. కండక్టర్ డ్రైవర్‌ను అడిగాడు. డ్రైవర్ ఎడపల్లి స్టాపులో బస్సాపి, వెనక్కి తిరిగి, "పెద్దదే తీస్కో తమ్మీ" అన్నాడు. బస్సు దిగేలోపు జనం రెండు పార్టీలయ్యారు. నేను ఆ బస్సులోనే ఉన్నాను. కిటికీ వైపు మొహం తిప్పుకుని, ఈయనెవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను.

అందరికంటే ఎక్కువగా అడిగింది మాత్రం మా నాన్నకు అన్నైన పెద్దబాపు లింబయ్యను.

పెద్దబాపు చెరకు లారీ డ్రైవర్. మా చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే బోధనంతా పాకం వాసన. పొద్దున లేచి తలుపు తీస్తే ఆ వాసనే ముందు ఇంట్లోకొచ్చేది. వర్ని నుంచి, కోటగిరి నుంచి లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు చక్కెర ఫ్యాక్టరీ దాకా బారులు తీరేవి. మేం పిల్లలం వెనక నుంచి గడలు గుంజుకుని పరుగెత్తేవాళ్లం. మిగతా డ్రైవర్లు తిట్టేవాళ్లు. పెద్దబాపు మాత్రం మా గల్లీ మొగదల గేరు పడనట్టు నటించి బండి మెల్లగా పోనిచ్చేవాడు. ఒక్కోసారి నన్నూ అన్ననూ క్యాబిన్లో ఎక్కించుకునేవాడు. ఆ చలిలో ఇంజన్ డబ్బా మీద వెచ్చగా కూర్చుని, ఆయన మలుపు తిప్పుతుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్లం. అది పవర్ స్టీరింగ్ లేని బండి. మలుపు వస్తే సీట్లోంచి సగం లేచి, భుజం ఆనించి తిప్పేవాడు. లోకంలో మా పెద్దబాపంత బలవంతుడు లేడని మా నమ్మకం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో చెరకు నమిలినట్టే ఉంటుంది.

ఫ్యాక్టరీ మూతపడింది. లారీ అమ్మేశారు. చెరకు పోయి వరి, సోయా వచ్చాయి. పెద్దబాపు సొంత ట్రాక్టర్ తోలుకుంటూ కాలం గడిపాడు. తర్వాత షుగర్ వచ్చి ఎడమ కంటి చూపు పోయింది. ఆ సంగతి ఆయన తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఒకనాడు ట్రాక్టర్ తీసుకెళ్లి ఎర్రన్న గిర్ని గోడకు కొట్టాడు. దుమ్ములోంచి ఎర్రన్న, గోధుమలు పట్టించుకోవడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, ఒక బర్రె, అందరూ తెల్లగా బయటికొచ్చారు. ఊరు నెల రోజులు నవ్వుకుంది. మేం మాత్రం నవ్వలేదు. ఈసారి గోడ. రేపు ఎడమ పక్క నుంచి బడి పిల్లల ఆటో వస్తే?

ఆయన భార్య భీమవ్వ పెద్దవ్వ ట్రాక్టర్ తాళం బియ్యం డబ్బాలో దాచింది. ఆయన వెతికి తీశాడు. దేవుడి పటం వెనక దాచింది. దేవుడికి దండం పెట్టి మరీ తీశాడు. చివరికి కొంగుకు కట్టుకుని తిరిగింది.

"బతుకంత బండి నడిపిన. నా చేతులకెళ్లి తాళం గుంజుకుంటరా?" అని అరుగు మీద కూర్చుని ఆయన కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అయినా ఇవ్వలేం కదా. ఆ గొడవ ఎలాగో సద్దుమణిగింది. వయసు మీదపడి ఆయనే తగ్గాడనుకున్నాం.

రోజూ సాయంత్రం పెద్దబాపు అన్న ఇంటికొచ్చి స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. నేను ఆదివారాలు వెళ్లినప్పుడల్లా ఆ తమాషా చూసేదాన్ని. తెర మీద రేసు. కార్లన్నీ రివ్వున దూసుకుపోతుంటాయి. మా పెద్దబాపు మాత్రం చెరకు లోడు మోస్తున్నట్టు పక్కకు ఒదిగి పోతుంటాడు.

"పెద్దబాపూ, ముందటి కారును దాటు!"

"ఎందుకు దాటాలె? గా పోరడు ఏదో తొందరలున్నడు. పోనీ."

వెనక నుంచి ఇంకో కారు వస్తే చెయ్యి బయటికి చాపి, రమ్మని సైడిచ్చేవాడు. బయట అంటే వదిన సోఫా వైపన్నమాట. అందరికంటే చివరన, అదీ ఒక చుట్టు వెనకబడి, గీత దాటి మీసం దువ్వుకునేవాడు. "ఒక్క గడ గూడ కింద పడలే," అనేవాడు.

అప్పుడు అన్న అడిగేవాడు. "స్టీరింగ్ ఎట్లున్నది పెద్దబాపూ?"

"ఖాళీ బండి లెక్కున్నది. లోడు మీద ఈ బరువు సాలది."

"అయితే పెద్దది కొనాల్నంటవా?"

"తొందరేమున్నది? రేపు ఇంకోపారి సూస్త."

"అవ్, గది గూడ కరెక్టే."

నాకు ఒళ్లు మండిపోయేది. దసరా వచ్చింది. బండ్లన్నిటితో పాటు దీనికీ పూజ చేయాలన్నాడు పెద్దబాపు. పసుపు, కుంకుమ, బంతిపూలు అన్నీ సరే. బండి పూజలో టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలి కదా, దీనికి టైర్లే లేవు. నిమ్మకాయ ఎక్కడ పెట్టాలని అన్న మళ్లీ ఊరు మీద పడ్డాడు. జవాబు దొరికేసరికి నిమ్మకాయ ఎండి గోలీ అయింది.

ఇంతలో నిజామాబాద్ నుంచి దిలీప్ అనే కుర్రాడి కబురు వచ్చింది. అతని దగ్గర అన్న కొనాలనుకుంటున్న పెద్ద వీల్‌బేస్ ఉంది. ఉద్యోగం హైదరాబాద్‌కు మారింది, అక్కడ ఇరుకు గది, సగం ధరకే ఇచ్చేస్తానన్నాడు. "ఆదివారం నేనే బోధన్ తెస్త అన్నా. బిగించి చూపిస్త. ఆ రోజు తేల్చకపోతే ఇంకొకరికిచ్చేస్త."

ఇక వదిలితే లాభం లేదనుకున్నాను. ఆదివారం అందరినీ అన్న ఇంటికి రమ్మని నేనే కబురు పెట్టాను. ఎర్రన్నకు, జగన్మోహనరావు గారికి, అందరికీ. అందరి మాటా ఒకేచోట, ఒకేసారి వినేస్తే ఇంకా అడగడానికి ఎవరూ మిగలరు. నా లెక్క నాకు భలే నచ్చింది.

ఆ పొద్దున పెద్దబాపును పిలుద్దామని వెనక గల్లీలోకి వెళ్లాను. ఆయన స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని, అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. వాకిట్లో భీమవ్వ పెద్దవ్వ చింతపండు గింజ తీస్తోంది.

"ఏంది పెద్దవ్వా, పెద్దబాపు పెండ్లికి పోతున్నట్టు తయారైతుండు?"

"డ్యూటీకి పోతుండు గద బిడ్డా, ఇయ్యాల పొద్దుగాల్నే."

"ఏం డ్యూటీ?"

"మీ అన్న ఇంట్ల స్టీరింగ్ డ్యూటీ. ఒక్క దినం నాగ పెట్టడు. అగో, గా తాళం సూడు."

ట్రాక్టర్ తాళం గోడకు మేకుకు వేలాడుతోంది. దాచనే లేదు.

"అడుగుతలేడా?"

"అడుగుడే మర్సిండు. ఓ దినం నేనే ఊకుండక, తోలుతవా అన్న. 'ట్రాక్టర్ తోలితే చేతుల అందాజ తప్పుతది, ఆడ నరేందర్‌కు తప్పు చెప్పినోన్నయిత' అన్నడు." పెద్దవ్వ నవ్వింది. "మీ అన్న సల్లగుండ. మొదాల ఉత్తగనే ఆడుకో పెద్దబాపూ అని పిలిసిండు. 'ఆటలాడనీకి నేను పోరన్నా?' అని ఈయన కట్టె వట్టిండు. తెల్లారి మళ్ల వచ్చి, 'ఆట గాదు, పెద్ద స్టీరింగ్ కొనాల్నా వద్దా నాకు సమజైతలేదు, నువ్వు నడిపి చెప్పాలె' అన్నడు. గంతే, లేసి పోయిండు. నిరుడు ఈయననే 'ఇగ పెద్దది తీస్కో' అని చెప్పిండు గూడ. మీ అన్న ఒప్పుకోలే. 'ఎండకాలం చెమటకు చేయి జారుతదేమో పెద్దబాపూ, వానకాలం దాక సూద్దాం' అన్నడు. వానకాలం పోయింది. చలికాలం వచ్చింది."

కొనేస్తే సందేహం తీరిపోతుంది. సందేహం తీరితే పెద్దబాపు డ్యూటీ అయిపోతుంది. డ్యూటీ లేకపోతే మళ్లీ ఆ తాళం, ఆ రోడ్డు, ఆ బడి పిల్లల ఆటో. రెండేళ్లుగా మా అన్న ఊరంతా తిరిగి మోసింది ఈ బరువునా? తేల్చుకోలేని దద్దమ్మ అని నేను తిట్టిన తిట్లకు లెక్కే లేదు. ఈ లోపల దిలీప్ కారు హారన్ వినిపించింది. నేను పిలిచిన జనమంతా కూడా వచ్చేశారు.

ముందుగది నిండిపోయింది. దిలీప్ పాత డబ్బా ఊడదీసి కొత్తది బిగించాడు. అన్న గోడకు ఆనుకుని ఒక్కొక్క సందేహం తీస్తున్నాడు, జనం ఒక్కొక్కటీ కొట్టేస్తున్నారు.

"కరెంటు పోతే ఎట్ల?"

"నువ్వే ఇన్వర్టర్లు అమ్ముతవు గదనే!" అన్నాడు ఎర్రన్న.

"ఇనుప చట్రం ఆగుతదా?"

"నా ట్రాక్టరు ఎక్కించినా ఆగుతుందయ్యా అది," అన్నారు జగన్మోహనరావు గారు.

"ఇంట్ల చప్పుడు..."

"మీ సందేహాల చప్పుడు కంటే తక్కువే ఉంటది," అంది అంకిత వదిన. "కొనుండ్రి. నా పానం తీయకుండ్రి."

పెద్దబాపు సీట్లో కూర్చున్నాడు. తెర మీద మలుపు వచ్చింది. స్టీరింగ్ ఎదురు తిరిగి గుంజింది. ఆయన సీట్లోంచి సగం లేచి, భుజం ఆనించి తిప్పాడు. మొహం మతాబాలా వెలిగిపోయింది. "లోడు బండి!" అని అరిచాడు. "అగో, గిది లోడు బండి!" గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు.

బండి పక్కకు ఆపి పెద్దబాపు చేతులు తీశాడు. "కొను బిడ్డా. గిదే కరెక్టు. ఇంక సూసేదేం లేదు." అని, తెర వైపే చూస్తూ మెల్లగా అన్నాడు. "ఇగ నా పని అయిపోయినట్టే." భుజం మీద తువ్వాల సర్దుకుని లేవబోయాడు.

మా అన్నకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సందేహాలు అయిపోయాయి. నా వైపు చూశాడు. పరీక్షలో జవాబు మరిచిపోయిన పిల్లలు చూస్తారే, అలా.

"అన్నా," అన్నాను. "స్టీరింగ్ సరే. మరి బ్రేకో?"

అందరూ నా వైపు తిరిగారు. వదిన చూపుకు నేను భస్మం కావాల్సింది.

"గింత బరువు స్టీరింగ్‌కు గా బ్రేకు సరిపోతదా? నువ్వేమంటవు పెద్దబాపూ?"

లేవబోయిన మనిషి మళ్లీ కూర్చున్నాడు. కాలితో బ్రేకు ఒకసారి తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. మొహం చిట్లించాడు. "గిదేం బ్రేకు? మెత్తటి చెప్పు తొక్కినట్టున్నది. లోడు బండికి గిట్లాంటిది వెడితే సీదా వాగులకే."

"గట్టి బ్రేకులు వేరే వస్తయి తాతా," అన్నాడు దిలీప్ అమాయకంగా. "వాటిల్ల చాలా రకాలున్నయి."

"చాలా రకాలా?" అన్నాడు మా అన్న. ఆయన గొంతులోకి ప్రాణం తిరిగొచ్చింది. "ఏ రకం మంచిదంటవు తమ్మీ?"

"అయ్యో రామా, మళ్లీ మొదలు!" అని జగన్మోహనరావు గారు తల పట్టుకున్నారు. ఎర్రన్న చెప్పులు వెతుక్కున్నాడు. స్టీరింగ్ మాత్రం ఆ రోజే కొన్నారు. పెద్దబాపు సీట్లోంచి లేవకుండా, "బ్రేకు సంగతి ఒక్క దినంల తేలేది గాదు. రేపటిసంది సూద్దాం," అని అందరికీ చెప్పి పంపించాడు.

సాయంత్రం అన్న నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాక, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"రమ్యా, బ్రేకులతోని ఒక ఏడాది ఎల్తది. అటెన్క?"

"సీటు," అన్నాను. "మెత్తగుండాల్నా, గట్టిగుండాల్నా, పెద్దబాపు కూసోని చెప్పాలె."

అన్న ఎంత సంబరపడ్డాడంటే, బస్సు కదిలాక కూడా కిటికీ పక్కనే పరుగెత్తుతూ, "మరి దాని అటెన్క? దాని అటెన్క?" అని అడుగుతూనే ఉన్నాడు.